నీల్ దీవిలో స్నార్కెలింగ్: ఈదడం తగ్గించండి, చేపలు కనిపిస్తాయి

అండమాన్ వెళ్లొచ్చిన మనవాళ్లను స్నార్కెలింగ్ గురించి, అంటే మాస్కు, గాలి గొట్టం పెట్టుకుని నీళ్ల మీద బోర్లా తేలుతూ చేపలు చూడడం గురించి అడిగితే చాలామంది చెప్పేది ఒకటే. "చాలా బాగుంది, రంగురంగుల చేపలు." ఏయే చేపలు అని అడిగితే సినిమాలో చూసిన నీమో (క్లౌన్ ఫిష్) దగ్గర ఆగిపోతారు. అందులో వాళ్ల తప్పేం లేదు. లైఫ్ జాకెట్ తొడిగి, తేలే ట్యూబ్ పట్టుకోమని చెప్పి, గైడ్ పావుగంటలో ఒక రౌండ్ తిప్పి ఒడ్డుకు చేర్చేస్తాడు. మనిషి నీడ పడగానే చిన్న చేపలు పగడాల సందుల్లోకి దూరిపోతాయి. అవి మళ్లీ ధైర్యం చేసి బయటికి రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోపు మనం ఇంకో చోటికి వెళ్లిపోయి ఉంటాం. అంటే పగడాల దిబ్బ మొత్తం తిరిగి, చేపలన్నీ దాక్కున్న దిబ్బను చూసి వస్తామన్నమాట.

అందుకే నేను ఎవరికి చెప్పినా ముందు ఇదే చెబుతాను: ఒక మంచి చోటు చూసుకుని, దాని మీద కదలకుండా తేలండి. మిగతా జాగ్రత్తలన్నీ ఆ కదలకుండా తేలడం కోసమే.

నేనుండేది విశాఖలో. మా పిన్ని వాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డారు. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ ఇంట్లో ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటాం. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. చేపల బజారులో మన యాసే వినిపిస్తుంది. బాబాయి పడవ మనిషి. నీళ్ల సంగతి ఆయన దగ్గర నేర్చుకున్నాను, చేపల సంగతి నీళ్లలో తేలుతూ నేర్చుకున్నాను.

విశాఖలోనే చేసుకోవచ్చు కదా అని అడుగుతుంటారు. మన తీరంలో అలలు ఒడ్డునే విరుగుతాయి, ఇసుక లేస్తుంది, నదులు తెచ్చే ఒండ్రు కలుస్తుంది. పగడాలకు వెచ్చటి, తేటగా ఉండే, ఎండ అడుగుదాకా దిగే ఉప్పునీరు కావాలి. అండమాన్‌లో పెద్ద నదులు లేవు. దీవుల అంచుల్లో మోకాలి లోతు నుంచే దిబ్బ మొదలవుతుంది.

ఎక్కడ, ఎప్పుడు

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది నీల్ దీవి. 2018 డిసెంబరులో దానికి షహీద్ ద్వీప్ అని, పక్కనున్న హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని పేర్లు పెట్టారు. నీల్‌లో జెట్టీ పక్కనే భరత్‌పూర్ బీచ్ ఉంటుంది. నీళ్లు లోతు తక్కువ, అలలు తక్కువ. పడవ అవసరం లేకుండా ఒడ్డు నుంచే నడిచి దిగొచ్చు. లక్ష్మణ్‌పూర్ వైపు దిబ్బ ఇంకా బాగుంటుంది గానీ అటు ప్రవాహం తెలిసినవాళ్లు తోడు లేకుండా వద్దు.

హేవ్‌లాక్‌లో అందరూ వెళ్లేది ఎలిఫెంట్ బీచ్. పడవలో పోవచ్చు, అడవి దారిలో నడిచీ పోవచ్చు. చూడదగ్గ చోటే, కానీ మధ్యాహ్నం అయ్యేసరికి జనం, స్పీడ్ బోట్లు, జెట్ స్కీలు. మొదటి పడవలో వెళ్లి, జనం చేరేలోపు నీళ్లలోంచి బయటికి వచ్చేయగలిగితేనే వెళ్లండి. పోర్ట్ బ్లెయిర్ దగ్గర్లోని వండూర్ నుంచి పడవ కట్టే జాలీ బాయ్ దీవి 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో భాగం. దానికి అటవీశాఖ పర్మిట్ ముందే తీసుకోవాలి, ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు. ఏడాది పొడుగునా తెరిచి ఉంచరు కాబట్టి మీరు వెళ్లే నెలలో తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోండి.

నెలల్లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నీళ్లు బాగా తేటగా ఉంటాయి. డిసెంబరు, జనవరి కూడా ఫర్వాలేదు, అప్పుడప్పుడు గాలి లేస్తుంది. మే నుంచి నైరుతి వానలు. అప్పుడు స్నార్కెలింగ్ కోసం డబ్బు పోసి వెళ్లొద్దు.

పోటు, పాటు చూసుకోవడం

హోటల్ బుక్ చేసేటప్పుడు రేట్లు చూస్తాం, రివ్యూలు చూస్తాం, ఫెర్రీ టైమింగ్స్ చూస్తాం. పోటు, పాటు వేళలు తిథిని బట్టి మారతాయి, ఆ తిథి మాత్రం ఎవరూ చూడరు. నాకు అన్నిటికన్నా ముఖ్యం అదే. భరత్‌పూర్‌లో పాటు వేళకు, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు వెళ్తే చీలమండ లోతు నీళ్లలో రాళ్లు, చచ్చిన పగడపు ముక్కలు, మధ్యలో మడుగులు తప్ప ఏమీ ఉండదు. ఈదడానికి వీలుండదు, నడిస్తే బతికున్న పగడం కాళ్ల కింద పడుతుంది. అదే చోటు పోటు నిండినప్పుడు నడుం లోతు, నిలువు లోతు నీళ్లతో చక్కగా ఉంటుంది.

అక్కడ రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ప్రతి రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. బాబాయి లెక్క తిథితో నడుస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఉదయం 10 ప్రాంతంలో, మళ్లీ రాత్రి 10 ప్రాంతంలో నిండుతుంది. మధ్యాహ్నం 4 ప్రాంతానికి నీళ్లు బాగా లాగేస్తాయి. అష్టమి ప్రాంతంలో ఇది తలకిందులవుతుంది, పొద్దున 10కి పాటు ఉంటుంది. కాకపోతే ఆ రోజుల్లో పోటుకూ పాటుకూ మధ్య తేడా తక్కువ, ప్రవాహం కూడా మెత్తగా ఉంటుంది. కొత్తవాళ్లకు అది మంచిదే. ఇది చేతి లెక్క. దిగే రోజు కచ్చితమైన టైం కోసం ఫోన్‌లో పోర్ట్ బ్లెయిర్ టైడ్ టేబుల్ చూసుకోండి.

పోటు నిండడానికి గంట ముందు దిగి, నిండాక ఇంకో అరగంట ఉండి బయటికి రావడం నా పద్ధతి. నీళ్లు ఒడ్డు వైపు వస్తున్నప్పుడు అలసిపోయినా ఒడ్డుకే చేరతాం. లాగుతున్నప్పుడు అలసిపోతే సముద్రం వైపు పోతాం. బాబాయి ఒడ్డున కూర్చుని ఒక రాయిని చూస్తూ ఉంటాడు. ఆ రాయి మీద తడి గీత కనిపించడం మొదలవగానే కేకేస్తాడు. "అమ్మా, నీళ్లు లాగుతున్నాయి, వచ్చేయ్." "ఇంకో ఐదు నిమిషాలు బాబాయ్" అన్నా ఒప్పుకోడు. మీకు అలాంటి మనిషి తోడు లేకపోతే వాచీ పెట్టుకోండి. ఒడ్డున ఒక చెట్టునో, గుడిసెనో గుర్తు పెట్టుకుని, ఐదు నిమిషాలకోసారి తల ఎత్తి దాన్ని చూడండి. మీకు తెలియకుండానే అది పక్కకు జరిగిపోతుంటే ప్రవాహం ఉన్నట్టే. దిగాక మొదట ప్రవాహానికి ఎదురుగా వెళ్లండి, తిరిగొచ్చేటప్పుడు అదే మిమ్మల్ని తెస్తుంది.

ఇంకో సంగతి. అక్కడ పొద్దు మనకన్నా ముందే ఉదయిస్తుంది, చలికాలంలో సాయంత్రం 5 దాటగానే చీకటి పడుతుంది. మధ్యాహ్నం భోజనం చేసి, ఒక కునుకు తీసి వెళ్దామంటే కుదరదు.

మాస్కు

సొంత మాస్కు కొనుక్కోండి. అద్దె మాస్కు మన ముఖానికి సరిపోవడం అదృష్టం మీద ఉంటుంది. కొనేటప్పుడు షాపులోనే చూసుకోవచ్చు. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చి చెయ్యి తీసేయండి. మాస్కు ముఖానికి అతుక్కుని ఉండిపోతే అది మీది. జారిపోతే ఎంత ఖరీదైనదైనా వద్దు. పట్టీ గట్టిగా బిగిస్తే నీళ్లు రావనుకుంటారు. నిజానికి మరీ బిగిస్తే రబ్బరు అంచు మడతపడి అక్కడి నుంచే కారుతుంది.

మీసాలున్న మగవాళ్లకు ముక్కు కింద నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. మా ఆయనది ఒత్తు మీసం. ముక్కుకు ఆనుకుని ఉన్న పైవరసను సన్నగా గీసేస్తే చాలు, మీసం మీసంలాగే ఉంటుంది, మాస్కు అంచు చర్మానికి ఆనుతుంది. ఆడవాళ్లకు జుట్టుతో అదే ఇబ్బంది. నుదుటి మీద పడే వెంట్రుకలన్నీ వెనక్కి దువ్వి, జడ కిందకి వేసుకుని, ఆ తర్వాతే మాస్కు పెట్టుకోవాలి. ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా దాని వెంబడి నీళ్లు వస్తాయి. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు పవర్ అద్దాల మాస్కులు దొరుకుతాయి. చేపలు చూడడానికే వెళ్తున్నాం కాబట్టి ఆ ఖర్చు దండగ కాదు.

కొత్త మాస్కు అద్దానికి ఫ్యాక్టరీ నుంచి వచ్చే పలుచటి పొర ఉంటుంది. తెల్లటి టూత్‌పేస్టు వేలితో లోపలి వైపు రుద్ది కడగండి, రెండు మూడుసార్లు. లేకపోతే ఆవిరి పట్టి ఏమీ కనిపించదు. ఆ తర్వాత ప్రతిసారీ దిగేముందు ఒక చుక్క పిల్లల షాంపూ రాసి, సముద్రపు నీళ్లతో ఒక్కసారి తొలిపితే చాలు.

ముఖమంతా కప్పే మాస్కులు ఇప్పుడు బాగా అమ్ముతున్నారు. నేను వాడను, ఎవరికీ చెప్పను. లోపలికి నీళ్లు వస్తే చటుక్కున తీయడం కష్టం, వదిలిన గాలి సరిగ్గా బయటికి పోకపోతే దాన్నే మళ్లీ పీల్చాల్సి వస్తుంది. మామూలు మాస్కు, మామూలు గొట్టం చాలు.

ఇంటి దగ్గరే చేయాల్సిన ప్రాక్టీసు

ముఖం నీళ్లలో ఉండగా నోటితో గాలి పీల్చడాన్ని ఒళ్లు మొదట ఒప్పుకోదు. టెన్షన్ వస్తుంది, ఊపిరి పొట్టిగా, వేగంగా అవుతుంది, రెండు నిమిషాల్లో అలసట. ఈ టెన్షన్ సముద్రంలో పడేకంటే ఇంటి దగ్గరే పడి తీర్చుకోవడం మంచిది. పెద్ద టబ్బులో నీళ్లు నింపి, మాస్కు, గొట్టం పెట్టుకుని ముఖం ముంచి కూర్చోండి. పీల్చడం కన్నా వదలడం ఎక్కువసేపు ఉండాలి. అది అలవాటయ్యాక గొట్టంలోకి కావాలనే కాస్త నీళ్లు రానిచ్చి, "టూ" అని ఒక్క ఊపులో బలంగా ఊదండి. నీళ్లు పైనుంచి ఎగిరిపోతాయి. తర్వాత మొదటి గాలి మెల్లగా పీల్చాలి, అడుగున ఇంకో గుక్క మిగిలి ఉండొచ్చు.

స్విమ్మింగ్ పూల్ దొరికితే మాస్కులో నీళ్లు చేరినప్పుడు తల కొంచెం పైకెత్తి, మాస్కు పై అంచు నొక్కి, ముక్కుతో గాలి వదిలి ఆ నీళ్లు దించేయడం కూడా నేర్చుకోండి. ఈ రెండూ వచ్చినవాళ్లకు భయం సగం పోతుంది.

ఈత రాకపోయినా లైఫ్ జాకెట్‌తో తేలొచ్చు. కానీ గైడ్ చెయ్యందే దూరంలో ఉండాలి, ఆ మాట ముందే మాట్లాడుకోండి. "భయ్యా, తిప్పొద్దు, ఒకే చోట ఆపండి" అని హిందీలోనో, ఆయన మనవాడైతే తెలుగులోనో చెప్పండి. చాలామంది గైడ్లు సంతోషంగా ఒప్పుకుంటారు, వాళ్లకూ శ్రమ తగ్గుతుంది. ఈత వచ్చినవాళ్లు కూడా ఒంటరిగా దిగకూడదు. ఊపిరి బిగబట్టి కిందికి మునిగేవాళ్లు మునిగేముందు గబగబా గాలి పీల్చి వదలడం అసలు చేయకూడదు. దానివల్ల ఊపిరి కావాలన్న హెచ్చరిక ఆలస్యమై నీళ్లలోనే స్పృహ తప్పుతుంది. గుండె జబ్బు, బీపీ ఉన్న పెద్దవాళ్లు డాక్టరును అడిగి రావాలి.

ఒంటికి పొడుగు చేతుల స్విమ్ టీషర్టు, లెగ్గింగ్స్. చుడీదార్ టాపు, చున్నీ, వదులు ప్యాంటు నీళ్లు తాగి బరువెక్కి లాగుతాయి. బోర్లా తేలేటప్పుడు వీపు, పిక్కలు మాడిపోతాయి, అది రాత్రి పడుకునేటప్పుడు తెలుస్తుంది. ఒళ్లంతా బట్ట ఉంటే సన్‌స్క్రీన్ ముఖానికీ మెడకూ చాలు. కొన్ని సన్‌స్క్రీన్లలో ఉండే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ పగడాలకు హాని చేస్తాయని హవాయి 2021 నుంచి వాటి అమ్మకం ఆపేసింది. డబ్బా వెనక చదివి కొనండి.

నీళ్లలో

ఇసుక ఉన్న చోటు నుంచే దిగండి. నడుం లోతు రాగానే బోర్లా పడుకుని తేలిపోండి, ఆ తర్వాత నిలబడొద్దు. మాస్కు సర్దుకోవడానికి కూడా వెల్లకిలా తిరిగి సర్దుకోవాలి. నిలబడ్డామంటే కాళ్లు పడేది పగడం మీదే. గుండ్రంగా బండల్లా కనిపించే పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మీ మోకాలి ఎత్తున్న బండకు మీకన్నా ఎక్కువ వయసు ఉండొచ్చు.

ఇప్పుడు ఇసుక, పగడం కలిసే అంచును వెతకండి. దిబ్బ నడిమధ్య కంటే ఆ అంచుల్లోనే సందడి ఎక్కువ. విడిగా ఉన్న ఒక పగడపు గుట్ట దొరికితే ఇంకా మంచిది. సూర్యుడు మీకు ఎదురుగా ఉండేలా, నీడ వెనక్కి పడేలా తిరిగి, గుట్టకు రెండు మీటర్ల దూరంలో చేతులు ఒంటికి ఆనించుకుని తేలండి. కాళ్లు కూడా ఆపేయండి. పది నిమిషాలు అక్కడే.

మొదట వచ్చేవి సార్జెంట్ మేజర్లు. ఒంటి మీద ఐదు నల్ల పట్టీలు, వీపు పసుపు. ఇవి మనిషి దగ్గరికి నేరుగా వచ్చేస్తాయి, ఎందుకంటే టూరిస్టులు బ్రెడ్డు వేసి అలవాటు చేశారు. మీరు వేయకండి. బ్రెడ్డు వేసిన చోట ఇవే గుంపులు కట్టి మిగతావాటిని తరిమేస్తాయి. పాచి తిని పగడాన్ని శుభ్రంగా ఉంచాల్సిన చేపలూ ఆ పని మానేసి బ్రెడ్డు కోసం తిరుగుతాయి.

తర్వాత చిన్నవి ఒక్కొక్కటే సందుల్లోంచి బయటికి వస్తాయి. ఇక్కడ రంగును నమ్ముకోవద్దు. ఒకే జాతి చిలక చేప చిన్నప్పుడు గోధుమరంగులో, పెద్దయ్యాక నీలం ఆకుపచ్చల్లో ఉంటుంది. రంగు కన్నా ఈదే తీరు చూడండి. చిలక చేపలు, రాస్ చేపలు తోకను పెద్దగా వాడవు, పక్క రెక్కలతో తెడ్డు వేసుకుంటూ పోతాయి. ట్రిగ్గర్ చేపలు వీపు మీది రెక్కనూ పొట్ట కింది రెక్కనూ అలలుగా ఊపుతాయి. సీతాకోక చేపలు ఎక్కువగా జంటలుగా తిరుగుతాయి, కంటి మీదుగా నల్ల గీత ఉంటుంది. వాటిలో కొన్ని జాతులు బతికున్న పగడం తప్ప ఇంకేమీ తినవు. అందుకే సీతాకోక చేపలు ఎక్కువ కనిపించిన చోట నాకు ప్రాణం కుదుటపడుతుంది.

వీపు మీద పొడుగాటి తెల్లటి తోరణం వేలాడేసుకుని, నలుపు తెలుపు పసుపు పట్టీలతో రెండు రకాల చేపలు కనిపిస్తాయి. తోక నల్లగా ఉంటే మూరిష్ ఐడల్, పసుపుగా ఉంటే బ్యానర్ చేప. తోక మొదట్లో చిన్న కత్తిలాంటి ముల్లు కనిపిస్తే సర్జన్ చేప. వాటిలో నీలం ఒళ్లు, నల్ల ముఖం, వీపు మీద పసుపు రెక్క ఉన్నది పౌడర్ బ్లూ. దాన్ని ఒకసారి చూస్తే మళ్లీ పుస్తకం తెరవక్కర్లేదు.

చెవులు కూడా వాడండి. నీళ్లలో చప్పుడు గాలిలో కంటే నాలుగు రెట్ల కన్నా వేగంగా వస్తుంది, ఏ దిక్కు నుంచో తెలియదు. కానీ జంతికలు కొరికినట్టు కరకర వినబడితే దగ్గర్లో చిలక చేప ఉన్నట్టే. ముక్కు లాంటి పళ్లతో రాతి మీది పాచిని రాయితో సహా గీకి తింటుంది. కాసేపు వెంట చూస్తే వెనక నుంచి తెల్లటి ఇసుక పొగలా వదులుతుంది. మనం ఒడ్డున నడిచి వచ్చిన ఆ మెత్తటి తెల్ల ఇసుకలో కొంత ఇలా తయారైందే.

నీమో ఉండే ఎనిమోన్ (మెత్తటి వేళ్లలాంటి పోగులతో రాతికి అతుక్కుని ఉండే జీవి) దొరికితే ఒక మీటరు దూరంలో ఆగండి. ఒకే ఎనిమోన్‌లో చిన్నాపెద్దా కలిసి ఉంటాయి. అన్నిటికన్నా పెద్దది ఆడది, దాని తర్వాతది మగది, మిగతావి ఇంకా ఎదగనివి. ఆడది చచ్చిపోతే ఆ మగదే ఆడదిగా మారుతుంది. ఎనిమోన్ మొదట్లో రాతికి అతుక్కుని నారింజ రంగు మచ్చ కనిపిస్తే అవి గుడ్లు, మగది రెక్కలతో వాటికి నీళ్లు విసురుతుంటుంది. చేప మీ వైపు దూసుకొచ్చి వెనక్కి పోతుంటే అది ఆట కాదు, కాపలా. కాస్త వెనక్కి జరగండి.

నేను అన్నిటికన్నా ఎక్కువసేపు చూసేది మాత్రం పగడాన్ని కాదు, పక్కనున్న ఉత్త ఇసుకను. అక్కడ వేలెడంత గోబీ చేప ఒకటి ఒక బొరియ గుమ్మంలో కదలకుండా కూర్చుని ఉంటుంది. చూపు ఆ చేప మీదే నిలపండి. నిమిషం రెండు నిమిషాలకు దాని వెనక నుంచి ఒక రొయ్య వస్తుంది, రెండు చేతులతో ఇసుక, గులకరాళ్లు తోసుకుంటూ. గుమ్మం బయట పారబోసి మళ్లీ లోపలికి పోతుంది, మళ్లీ వస్తుంది. ఆ రొయ్యకు చూపు సరిగ్గా ఆనదు. అందుకే బయటికి వచ్చినంతసేపూ ఒక మీసాన్ని చేప ఒంటికి తాకించే ఉంచుతుంది. మీరు చెయ్యి కాస్త కదిపి చూడండి, చేప తోక చిన్నగా అదురుతుంది, అంతే, రొయ్య బొరియలోకి మాయం. ఇంకా దగ్గరికి జరిగితే చేప కూడా తల కిందికి పెట్టి లోపలికి దూకుతుంది. ఇల్లు తవ్వేది రొయ్య, కాపలా చేప, ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో. ట్యూబ్ పట్టుకుని పదిమందితో కలిసి వెళ్లే మనిషికి ఇది ఎప్పటికీ కనిపించదు. వాళ్లు దీని మీదుగానే వెళ్తారు.

ఇలాంటిదే ఇంకొకటి, శుభ్రం చేసే రాస్. నీలం ఒంటి మీద పొడుగునా నల్ల గీత, వేలంత పొడవు. ఒక బండ దగ్గర పెద్ద చేపలు ఒక్కొక్కటిగా వచ్చి నోరు తెరిచి, మొప్పలు విప్పి నిలబడతాయి. ఇది లోపలికి దూరి పురుగులు ఏరి తింటుంది. మీరు దగ్గరికి వెళ్తే ఆ పెద్ద చేపలు తమ వంతు వదిలేసి పోతాయి. దూరం నుంచే చూడండి.

కనిపించేదంతా నీళ్లలో నిజం కంటే మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తుంది. మూరెడు చేప అనుకున్నది జానెడున్నర ఉండొచ్చు.

దూరం పెట్టాల్సినవి

దిబ్బ మీద ఏదీ ముట్టుకోకపోతే ప్రమాదాల్లో చాలావరకు మీ జోలికే రావు. లయన్ ఫిష్ రెక్కల ముళ్లలో విషం ఉంటుంది, అది మన మీదికి రాదు. స్టోన్ ఫిష్ రాయిలాగే ఉండి కనిపించదు. నిలబడొద్దని, చేత్తో పట్టుకోవద్దని చెప్పడానికి ఇంకో కారణం అదే. ఈ ముళ్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, చర్మం కాలకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా ఆ భాగం ముంచి ఉంచుతూ ఆసుపత్రికి వెళ్లాలి. అందమైన కోన్ గవ్వలు ఏరొద్దు. వాటిలో కొన్నిటి కాటు ప్రాణం తీయగలదు. ఇసుకలో నడిచేటప్పుడు పాదాలు ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడిస్తే ఇసుకలో దాగిన టేకు చేప (స్టింగ్ రే) ముందే తప్పుకుంటుంది. నలుపు, బూడిదరంగు పట్టీల సముద్రపు కట్లపాము కనిపిస్తే దారి ఇచ్చేయండి. విషం ఎక్కువే గానీ చాలా నెమ్మది జీవి, గాలి కోసం పైకొచ్చి తన దారిన పోతుంది.

నేను నిజంగా వెనక్కి తిరిగి వచ్చేసేది టైటన్ ట్రిగ్గర్ చేపను చూసినప్పుడే. మూరన్నర దాకా పెరుగుతుంది, బలమైన పళ్లు. ఇసుకలో గుంట చేసి గుడ్లు పెట్టినప్పుడు ఎవరినీ రానివ్వదు. ఆ గుంట మీద దాని హద్దు పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి నేరుగా పైకి వెళ్తే ఇంకా దాని హద్దులోనే ఉంటాం. పక్కకు, అడ్డంగా ఈదుకుంటూ వెళ్లిపోవాలి. దాని వైపు చూస్తూ, కాళ్లకు తొడుక్కునే ఫిన్స్ మధ్యలో అడ్డం పెట్టుకుని వెళ్లండి.

అండమాన్ కాలువల్లో, మడ అడవుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. 2010లో హేవ్‌లాక్‌లో రాధానగర్ బీచ్ దగ్గర స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ టూరిస్టు మొసలి దాడిలో చనిపోయింది. కాలువ సముద్రంలో కలిసే చోట, మడచెట్ల పక్కన, తెల్లవారీ తెల్లవారకముందు, సాయంత్రం చీకటి పడే వేళ దిగొద్దు. హెచ్చరిక బోర్డు ఉన్న చోట, లైఫ్‌గార్డు వద్దన్న చోట వాదన పెట్టుకోవద్దు.

పగడం గీసుకుంటే చిన్న గాయమని వదిలేయకండి, త్వరగా చీము పడుతుంది. మంచినీళ్లతో బాగా కడిగి మందు రాయాలి.

తెల్ల పగడం చూసి

దిబ్బలో ఒక భాగమంతా తళతళలాడే తెలుపులో ఉంటే చాలామంది ముచ్చటపడి ఫొటోలు తీస్తారు. నాకు కడుపులో తిప్పుతుంది. నీళ్లు మామూలు కంటే వేడెక్కి చాలారోజులు అలాగే ఉంటే, పగడం తన లోపల ఉండి తిండి పెట్టే సన్నటి నాచును బయటికి తోసేస్తుంది. రంగు ఆ నాచుదే. వెంటనే చచ్చిపోదు, నీళ్లు చల్లబడితే తేరుకోవచ్చు, లేకపోతే ఆకలితో పోతుంది. ఆ తర్వాత దాని మీద పాచి పట్టి గోధుమరంగుకు మారుతుంది. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో ఇలా జరిగింది. మధ్యలో 2004 సునామీ. కాబట్టి మీరు చూసే దిబ్బలో చచ్చిన ముక్కలు చాలానే ఉంటాయి, వాటి మధ్యలో వేలంత కొత్త కొమ్మలు కూడా కనిపిస్తాయి. ఫిన్స్ తగిలి విరిగేవి ఎక్కువగా ఆ కొత్త కొమ్మలే. తుంటి నుంచి, నెమ్మదిగా, నీళ్ల పైభాగంలోనే కాళ్లు ఆడించండి.

బయటికి వచ్చాక

ఒడ్డుకు రాగానే మంచినీళ్లు తాగి, మాస్కు మంచినీళ్లలో ముంచి కడిగి నీడలో ఆరబెట్టండి. ఆరేలోపే చూసినవి రాసుకోండి. మధ్యాహ్నం దాకా ఆగితే గీతలు, తోకలు అన్నీ కలిసిపోతాయి. పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. గుంపా, జంటా, ఒంటరా; ఇసుక మీదా, పగడం మీదా; దేనితో ఈదుతోంది, ఏం తింటోంది. ఈ నాలుగు మాటలు రాసి పెట్టుకుంటే పేరు తర్వాత దొరుకుతుంది. కెమెరా ఉంటే పక్కనుంచి, తోకతో సహా పడేలా ఒక ఫొటో తీయండి. పైనుంచి తీసిన వీపు ఫొటోతో ఎవరూ ఏమీ చెప్పలేరు. ఐనాచురలిస్ట్ యాప్‌లో పెడితే తెలిసినవాళ్లు గుర్తుపట్టి చెబుతారు.

పిల్లలు గవ్వలు, పగడపు ముక్కలు ఏరి జేబుల్లో వేసుకుంటారు, మనకూ చేయి ఆగదు. దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. ఒడ్డున చచ్చి పడి ఉన్న ముక్కైనా సరే, తీసుకెళ్తే నేరమే. ఎయిర్‌పోర్టులో స్కానింగ్‌లో కనిపిస్తే బ్యాగు విప్పిస్తారు. హోటల్ ఖాళీ చేసే ముందు పిల్లల జేబులు, బీచ్ చెప్పులు, తువ్వాళ్ల మడతలు ఒకసారి దులిపి చూడండి. ఏదైనా దొరికితే ఊరు దాటే ముందే తీసుకెళ్లి సముద్రంలో వేసేయండి.